ముందుగుక్క

కాలు కాలుతున్న సంగతి యువరాజు కేయూరవర్మకు వాసన వల్ల తెలిసింది.

తెల్లవారింది గాని మంచు ఇంకా విడవలేదు. రేవుసీమ పొలిమేరలో, తుంగపొదల పక్కన చలిమంట వేసుకుని కూర్చున్నారు ఇద్దరూ. మంటలోంచి జారిన కొరివి ఒకటి అతని కుడిపాదం మీద పడి, చెప్పు తోలును దాటి చర్మం దాకా వచ్చింది. యువరాజు ముక్కు ఎగబీల్చాడు. చుట్టూ చూశాడు. ఎవరి కాలో అన్నట్టు తన కాలి వంక చూశాడు. చివరికి అతని గుర్రాల కాపరి మౌనప్ప లేచి, తలగుడ్డతో కొట్టి కొరివిని అవతల పారేశాడు.

"దొరా! నీ కాలే అది! పరాయోళ్ల కాలు గాదు!"

"తెలిసింది" అన్నాడు కేయూరవర్మ.

మౌనప్పది పేరుకే మౌనం. పుట్టిన రోజున ఏడవలేదని తల్లి ఆ పేరు పెట్టిందట. ఆనాటి లోటు అతను అప్పటినుంచీ పూడ్చుకుంటూనే ఉన్నాడు. గుర్రాలతో మాట్లాడతాడు, గుగ్గిళ్లతో మాట్లాడతాడు, వినేవాళ్లు లేకపోతే తన మీసంతోనైనా మాట్లాడతాడు. ఈ ప్రయాణంలో మాత్రం రాతిగోడతో మాట్లాడుతున్నట్టు ఉంది అతనికి.

కారణం లేకపోలేదు. జడదంతుడనే మాంత్రికుడు గద్ద రూపంలో తామ్రగిరి కోట మీద వాలి, మనిషిగా మారుతూ బురుజు మీద కేయూరవర్మ కంటబడ్డాడు. కత్తి వేటుకు వాడి ఎడమచెవి తమ్మె తెగి కింద పడింది. వాడు కేక వేయలేదు. నవ్వి, గుప్పెట్లోని బూడిదను యువరాజు ముఖాన ఊదాడు. "నీకు శాపం పెట్టడం లేదు రాజా! నీ పని నువ్వు ఎప్పటిలాగే చేసుకుంటూ పో. మిగతా పని ఈ బూడిద చూసుకుంటుంది" అని రెక్కలు విప్పి ఎగిరిపోయాడు.

మరునాటికి యువరాజు వేళ్ల కొసలు మొద్దుబారాయి. తరువాత అరచేతులు, అరికాళ్లు. పాయసం తింటే సున్నం తిన్నట్టే, వీణ వింటే కర్ర కొట్టినట్టే. ఆ మొద్దుతనం గుండెను తాకిన క్షణాన మనిషి శిల అయిపోతాడని, రేవుసీమ నడుమ శిలాదిబ్బ మీద ఉన్న కన్నీటిబుగ్గ నీళ్లు తప్ప మందు లేదని రాజవైద్యులు తేల్చారు. బయలుదేరేటప్పుడు మహారాణి కోటగుమ్మంలో కొడుకును పట్టుకుని ఏడ్చింది. అతను చూరునీళ్లు చూసినట్టు ఆమె కన్నీళ్లను చూశాడు. చచ్చిపోతానన్న భయమైనా మిగిలిందా అంటే, అదీ లేదు. బతకాలని ఒకప్పుడు ఉండేదన్న జ్ఞాపకం ఉంది. దాన్ని పట్టుకునే నడుస్తున్నాడు.

తామ్రగిరి వాళ్ల ఘనత ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ రాజ్యంలో నేరస్థుణ్ణి నిలబెట్టి కర్పూరం బిళ్ల వెలిగిస్తారు. అది ఆరేలోగా తీర్పు వచ్చెయ్యాలి. ఆరిన తరువాత చెప్పింది చెల్లదు. పెద్ద బిళ్ల వెలిగించుకోవచ్చు కదా అని ఏ రాజుకూ తట్టలేదు. తట్టినా పరువుతక్కువ అనుకుని ఉంటారు. కేయూరవర్మ సగం బిళ్లకే తీర్పు చెప్పేవాడు. నేరస్థుడు నోరు తెరిచేలోగా పని పూర్తయ్యేది. దాని మీద వందిమాగధులు పద్యాలు కట్టారు, ఆ పద్యాలు చదివి కడియాలు తొడిగించుకున్నారు. ఈ ప్రయాణంలో కూడా యువరాజు మొలలో వెండి కర్పూరపు భరిణె, చెకుముకి రాయి ఉన్నాయి.

మంట ఆర్పి, గుర్రాలెక్కి, ఇద్దరూ తుంగపొదల్లోకి దిగారు.

పది బారలు పోయారో లేదో, నేల కదిలింది. ముందు నడుస్తున్న యువరాజు గుర్రం మోకాళ్లదాకా కూరుకుపోయి సకిలించింది. వెనక గుర్రం బెదిరి పక్కకు దూకి నడుందాకా దిగబడింది. ఊబి! మౌనప్ప గుర్రం మెడ మీదినుంచి జారి బురదలో పడ్డాడు. కేయూరవర్మ కదలకుండా జీను మీద కూర్చుని, బురద తన మోకాళ్లమీదికి రావడం చూస్తున్నాడు. చల్లగా ఉందో వెచ్చగా ఉందో అతనికి తెలియదు.

అంతలో మంచులోంచి ఒక పొడుగాటి గడ చర్రున దూసుకొచ్చింది. దాని వెనక పడవ, పడవలో ఒక ముసలమ్మ. ముఖంలో ఎడమసగం కాలి ముడుచుకుపోయి ఉంది. ఆ వైపు కన్ను రెప్ప వెయ్యదు.

"పట్టుకోండర్రా! తన్నుకోకండి, తన్నుకున్నకొద్దీ మింగుతాది!"

గడ మౌనప్ప చేతికి అందింది. అతను దాన్ని యువరాజు వైపు తోశాడు. "ముందు మా దొరను లాగు తల్లీ! నాకేం, నేను తేలికే!"

ముసలమ్మ ఒక్క క్షణం అతని వంక చూసింది. తరువాత ఇద్దరినీ లాగింది. గుర్రాలు దక్కలేదు. బురద మీద బుడగలు వచ్చి ఆగిపోయేదాకా మౌనప్ప వాటిని పేర్లు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

ఆమె పేరు తుంగమ్మ. నీళ్ల మీద వెదురు నిట్రాళ్లెత్తి కట్టుకున్న గుడిసె ఆమెది. ఆ చుట్టుపక్కల నీళ్లన్నీ ఉప్పు కషాయం. మౌనప్ప నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. "దాహం తల్లీ" అన్నాడు. తుంగమ్మ లోపలికి వెళ్లి రెండు కొబ్బరిచిప్పలతో నీళ్లు తెచ్చింది. ఒక చిప్ప ఎత్తి, చప్పుడయ్యేలా ఒక గుక్క తాగింది. పెదవులు తుడుచుకోకుండా, అదే చిప్పను రెండు చేతులా పట్టుకుని, తల వంచి యువరాజుకు అందించింది.

తామ్రగిరిలో కుక్కకు కూడా ఎదురుగా అలా పెట్టరు. రేవుసీమ వాళ్లను అక్కడ ఎంగిలి జనం అంటారు. ఆ మాట విన్నాడే గాని, తన ఎదుటే ఇలా చేస్తారని కేయూరవర్మ అనుకోలేదు. కోపం రావలసిన చోట అతనికి కోపం రాలేదు. కోపం వస్తే ఏం చేస్తారో గుర్తుంది, అది చేశాడు. చిప్పను చేత్తో కొట్టాడు. రెండో చిప్పను కాలితో తన్నాడు. నీళ్లు పలకల సందుల్లోంచి కిందికి కారిపోయాయి.

మౌనప్ప ఆ సందుల వంక ఆశగా చూశాడు.

యువరాజు భరిణె తీసి, పలక మీద కర్పూరం బిళ్ల పెట్టి, చెకుముకి కొట్టాడు. "ఊబి దగ్గరే కాచుకుని ఉంది. ముఖం మీద మాంత్రికుల హోమాగ్ని మచ్చ. రాజవంశానికి ఎంగిలి ఇచ్చే పొగరు. ఇది జడదంతుడి దూతిక."

"దొరా, ఊబిలోంచి లాగింది గదా! ఒక్కమాట అడుగుదాం. ఎందుకట్లా తాగినావమ్మా అని..."

"కర్పూరం ఆరిపోతోంది" అన్నాడు కేయూరవర్మ. "దీన్ని నిట్రాడకు కట్టు. తిరుగు ప్రయాణంలో మాంత్రికుడి జాడ చెప్పిద్దాం."

తుంగమ్మ పెనుగులాడలేదు. వెలుగుతున్న బిళ్ల వంకే చూస్తూ ఉండిపోయింది. "ఓహో, నువ్వా!" అంది. మౌనప్ప ఆమెను నిట్రాడకు కట్టాడు.

లేచి నిలబడబోయిన యువరాజు తూలి గోడను పట్టుకున్నాడు. మొద్దుతనం మోకాళ్లు దాటి నడుముకు ఎక్కింది. వైద్యులు చెప్పిన దానికంటే వేగంగా పాకుతోందే అనుకున్నాడు. అంతకు మించి అనుకోలేదు. ముసలమ్మ పడవ విప్పుకుని ఇద్దరూ సాగిపోయారు.

రెల్లు వంపు తిరగగానే మంచు తెర విడిపోయింది. ఎదురుగా నీళ్ల మధ్య ఒక మేడ! ముత్యపుచిప్పలు తాపడం చేసిన స్తంభాలు, పగడపు గడపలు, నెమలిపింఛాల చాందినీ. మెట్లకు అటూ ఇటూ స్ఫటికపు హంసలు నోళ్లలోంచి పన్నీరు చిమ్ముతున్నాయి. లోపల ఎక్కడో వీణ మోగుతోంది. మేడ నీడ నీళ్లలో పడలేదు గాని, అంత అందాన్ని చూస్తూ నీడ కోసం వెతికేవాడెవడు?

మెట్లు దిగి ఒక కన్య వచ్చింది. తెల్లపట్టు చీర, నడుముకు నవరత్నాల వడ్డాణం, నేల చూపులు. పేరు చంద్రవేణి అని చెప్పుకుంది. పట్టుగుడ్డ కప్పిన బంగారు గిన్నెను తమలపాకు మీద నిలిపి, తాను ఊపిరి కూడా తగలకుండా ముఖం పక్కకు తిప్పుకుని అందించింది. గిన్నె అంచుదాకా నిండి ఉంది. సరిగ్గా తామ్రగిరి అంతఃపురపు మర్యాద.

"ఇది కులీనుల ఇల్లు. ఈమె వల్ల మనకు కీడు లేదు" అన్నాడు యువరాజు. ఆ మాటకు కర్పూరం కూడా అవసరం పడలేదు. అంటుండగానే పక్కటెముకల దాకా ఒళ్లు చచ్చుబడింది.

గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. దాహం వేస్తోందో లేదో అతనికి తెలియలేదు. "నాకెందుకు? నువ్వు తాగు" అని మౌనప్పకు ఇచ్చాడు.

మౌనప్ప గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "అమ్మయ్య! ప్రాణం లేచి..." అన్నాడు. మాట సగంలో ఉండగానే అతని కాలివేళ్లు బూడిదరంగుకు తిరిగాయి. పాదాలు రాయయ్యాయి. మోకాళ్లు రాయయ్యాయి. చంద్రవేణి తల ఎత్తింది. ఆమె కళ్లలో నల్లగుడ్లు లేవు.

"తామ్రగిరి వాళ్లకు గిన్నె చాలు! లోపల ఏముందో అక్కర్లేదు!" అని పకపకా నవ్వి, కొంగై ఎగిరిపోయింది. స్తంభాలు రెల్లుదుబ్బులయ్యాయి. హంసలు బురదగడ్డలయ్యాయి. మెట్లు లేవు, మేడ లేదు, మెట్లకు కట్టిన పడవ ఎటో కొట్టుకుపోయింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

కేయూరవర్మ మౌనప్పను భుజాన వేసుకున్నాడు. సగం మనిషి, సగం రాయి, మోయలేని బరువు. మెడలోతు నీళ్లలో గుడిసె వైపు అడుగులు వేశాడు. అడుగులు వేస్తున్నాడు గాని ముందుకు పోవడం లేదు. ఎందుకు పోవడం లేదో కొంతసేపు అర్థం కాలేదు.

"దొరా! మొసలి! నీ కాలు మొసలి నోట్లో ఉంది!" అని మౌనప్ప భుజం మీదినుంచి అరిచాడు.

యువరాజు కిందికి చూశాడు. నిజమే. నీళ్లు ఎర్రబడుతున్నాయి. కత్తి దూసి, మునిగి, మొసలి కంట్లో పిడిదాకా దింపాడు. అది తోకతో నీళ్లను చీల్చి, ఒక్క పొర్లు పొర్లి వదిలేసింది. అతను కాలిని లాక్కుని, నూతిలో జారిన చేదను తీసుకున్నంత తాపీగా కత్తిని ఊడదీసుకుని, మళ్లీ నడక సాగించాడు.

"నాకు చూస్తుంటేనే నొప్పి పుడుతుంది, నీకేమో లేదు" అని మౌనప్ప ఏడ్చాడు. "దొరా, నేను సచ్చిపోతే నువ్వు ఏడవనన్నా ఏడవవు గదా!"

"ఏడవాలనే ఉంది, మౌనప్పా. రావడం లేదు."

అది నిజం. ఇరవై ఏళ్లు తన గుర్రం కళ్లెం పట్టుకున్న మనిషి తన భుజం మీద రాయి అవుతున్నాడు. ఏడవవలసిన సమయం ఇదేనని యువరాజుకు తెలుసు. ఆ తెలివి తలలో ఉంది, అక్కడినుంచి కిందికి దిగడం లేదు.

గుడిసె చేరి, మౌనప్పను పలకల మీద పడుకోబెట్టి, తుంగమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. తన జీవితంలో ఏ నేరస్థుణ్ణీ అడగని మాట అడిగాడు.

"ఎందుకు? నీళ్లు ముందు నువ్వెందుకు తాగావు?"

తుంగమ్మ అతని వైపు ముఖం తిప్పింది.

"ఈ నీళ్లలో ఆడు మందు కలుపుతాడు బాబూ, ఆ జడదంతుడు. ఏ కుండలో కలిపాడో ఎవులికి తెలుస్తాది? అందుకే మా రేవులో ఇచ్చినోళ్లు ముందు ఒక గుక్క తాగుతారు. సస్తే ముందు నాను సస్తాను, నువ్వు కాదని. పెదాలు తుడుసుకోం, తడి కనబడాల. ముందుగుక్క అంటాం దాన్ని. మీరేటంటారో మాకూ తెలుసు."

"ముఖం మీద ఆ మచ్చ?"

"గంజికుండ ఒలికింది. అంతే."

యువరాజు కట్లు కోశాడు. ఆమె మణికట్లు రుద్దుకుంటూ, నేల వంక చూస్తూ చెప్పింది. "మా పెనిమిటి ఓబన్న. పడవోడు. మీ మారాణి ఈ రేవు దాటినప్పుడు ఎండకి దాహమంది. ఆడు ముందుగుక్క తాగి చిప్ప అందించాడు. ఎంగిలిచ్చాడని తీసుకెళ్లి కొరతేశారు. ఎందుకు తాగావురా అని ఒక్కడడగలేదు. తీర్పు సెప్పినోడు కుర్రోడంట. కర్పూరం సగం కాలకముందే సెప్పేశాడంట."

కేయూరవర్మ జ్ఞాపకాల్లో వెతికాడు. ఆ రోజు దొరికింది. సభలో గాలి లేదు, జ్వాల నిటారుగా, తెల్లగా నిలబడింది. పద్యం చదివారు. ఆ జ్వాల వెనక ఒక మనిషి నిలబడి ఉండాలి. ఆ చోట ఏమీ లేదు.

"కర్పూరం గుర్తుంది. మనిషి గుర్తు రావడం లేదు" అన్నాడు.

అనకూడని మాట అని తెలుసు. అయినా అదే నిజం కనుక అదే చెప్పాడు. తుంగమ్మ కాలని వైపు ముఖం కూడా కాలిన వైపు లాగే గడ్డకట్టింది. ఆమె లేచి, గుడిసె వెనక కట్టి ఉన్న మరో పడవను లాగింది.

"ఎక్కించు ఆడిని. తామ్రగిరోళ్లంతా ఒకటేనని నానూ అనుకునేదాన్ని. ఊబిలో మునుగుతూ 'ముందు మా దొరని లాగు' అన్నాడే, అప్పుడు తెలిసింది ఒకటి కాదని. ఆడికోసం వస్తన్నాను. నువ్వు మోసేటోడివి, అంతే."

దారిలో ఇంకొక్క మాట చెప్పింది. "ఆ బూడిద దానంతటది పాకదు. శిలాదిబ్బ మీద రాళ్లయినోళ్లందరిదీ ఒకటే దారి. సూడకుండా, ఇనకుండా మనిషిని తేల్చేసినప్పుడల్లా జానెడు పైకెక్కుతాది. నీకిప్పుడు ఎందాకా వచ్చింది?"

యువరాజు తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు. చేతికి రొమ్ము తెలియలేదు, రొమ్ముకు చెయ్యి తెలియలేదు. లోపల గుండె ఒక్కటే ఎక్కడో దూరంగా కొట్టుకుంటోంది.

"ఇంకొక్కటి మిగిలింది" అన్నాడు.

శిలాదిబ్బ నిండా రాతిమనుషులు. కిరీటాలు పెట్టుకున్న రాతిరాజులు, వేలెత్తి చూపిస్తున్న రాతిపండితులు, ముక్కు మీద వేలేసుకున్న రాతి అమ్మలక్కలు. ఒక్కొక్కరూ ఎవరినో ఏదో అంటూ అంటూ ఆగిపోయినట్టు ఉన్నారు. వాళ్ల నడుమ నల్లని బండ, బండ కింద నీటి గలగల. కన్నీటిబుగ్గ అదే. బండకు గొలుసుతో కట్టి ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చీలిన గడ్డం, కోరపళ్లు. ఎడమచెవికి తమ్మె లేదు.

జడదంతుడు!

యువరాజు కత్తి ఒరలోంచి బయటికి వచ్చింది. ఎడమచెయ్యి అలవాటుగా భరిణె తెరిచి, రాతి మీద బిళ్ల పెట్టి వెలిగించింది.

"కొట్టకు నాయనా!" అన్నాడు ఆ మనిషి సన్నని గొంతుతో. "నేను ఈ బుగ్గ కాపరిని, పుష్కరుణ్ణి. వాడు నా ముఖం ఎత్తుకుపోయి, వాడి తెగిన ముఖం నాకు తగిలించాడు. ఇప్పుడు వాడికి ఎవరి ముఖమైనా సరిపోతుంది, చచ్చినవాళ్లదైనా సరే. బండ కదిలించే కిటుకు నాకొక్కడికే తెలుసు. నన్ను చంపితే బుగ్గ ఎండిపోతుంది. గొలుసు విప్పు, నీళ్లిస్తాను."

పడవలోంచి మౌనప్ప అరిచాడు. గడ్డం దాకా రాయి, నోరు మాత్రం ఇంకా ఆడుతోంది. "నమ్మొద్దు దొరా! ముఖం అదే, చెవి అదే! నరికితే అందరం లేస్తాం! ఇంకేం చూస్తావు, నరి..."

మాట ఆగింది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. మౌనప్ప మొదటిసారి పేరుకు తగ్గవాడయ్యాడు. కళ్లు మాత్రం కదులుతున్నాయి.

కర్పూరం సగానికి వచ్చింది. వీడు మాంత్రికుడైతే ఒక్క వేటుతో మౌనప్ప బతుకుతాడు. కాకపోతే అదే వేటుతో చస్తాడు. ముఖం అదే. చెవి తనే తెగ్గొట్టాడు. ఇంతకంటే తక్కువ ఆధారంతో ఎందరినో పంపించాడు. తుంగమ్మ గడకు ఆనుకుని కర్పూరం వంక చూస్తోంది, గుడిసెలో చూసినట్టే.

ఆ జ్వాల వెనక ఒక మనిషి ఉన్నాడు. ఈసారి కేయూరవర్మ జ్వాలను వదిలి మనిషిని చూశాడు. కాళ్లకు గొలుసు ఒరుసుకుపోయిన పాత పుళ్లు. గోళ్లలో బండను గీకిన రాతిపొడి. దీనికేమిటి అర్థం? కావచ్చు, కాకపోవచ్చు.

అతను కత్తి దించాడు. వంగి, మండుతున్న కర్పూరాన్ని గుప్పెట్లో పట్టి నలిపేశాడు.

"నాకు తెలియదు" అన్నాడు. తామ్రగిరి సింహాసనం వైపునుంచి ఆ మాట అంతవరకు ఎవరూ విని ఉండరు. "నువ్వెవరివో నాకు తెలియదు. మొదటినుంచీ చెప్పు, వింటాను."

అంటూనే కెవ్వుమన్నాడు.

అరచెయ్యి! కాలుతోంది! చెయ్యి విదిలించాడు, ఊదుకున్నాడు, మట్టిలో దూర్చాడు. కాసంత మేర, కర్పూరం అంటిన చోటు మాత్రమే, భగభగమని మండుతోంది. మిగతా ఒళ్లంతా ఎప్పటిలాగే మొద్దు. ఆ కాసంత చోటులోంచి తోసుకుని వచ్చింది అంతా. కోటగుమ్మంలో తల్లి వెక్కిళ్లు. ఊబిలో గుర్రాల సకిలింపు. తెల్లని జ్వాల వెనక ఒక నల్లని, గుండ్రని ముఖం. మీసం కొసన నీటిబొట్టు, పెదవుల మీద తడి. మర్యాద చేశానన్న సంతోషంతో నవ్వుతున్న ముఖం. ఏం తప్పు చేశానో ఇంకా అర్థంకాని ముఖం.

"గుర్తొచ్చాడు" అన్నాడు కేయూరవర్మ. చెంపలు తడిసిపోయాయి. "అమ్మా, ఓబన్న గుర్తొచ్చాడు. నవ్వుతున్నాడు."

తుంగమ్మ అతని చెయ్యి వంక చూసింది. "కాలిందా?"

"కాలింది."

"కాలనీ" అంది.

గొలుసులోని మనిషి చెప్పడం మొదలుపెట్టబోయాడు. అప్పుడే నీళ్ల మీద తెడ్డు చప్పుడైంది. మంచులోంచి ఒక చిన్న పడవ వచ్చి దిబ్బకు తగిలింది. అందులోంచి దిగిన మనిషిని చూసి తుంగమ్మ చేతిలోని గడ జారిపోయింది.

నల్లని, గుండ్రని ముఖం. అదే మీసం. అదే నవ్వు.

"తుంగా! నాను సావలేదే! ఈ బాబు నేస్తం రాయైపోతన్నాడని తెలిసి బుగ్గ నీళ్లు తెచ్చినాను. ఊపిరాగకముందే పొయ్యండి, ఊఁ, బేగి!"

తుంగమ్మ కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. పడవలో మౌనప్ప కళ్లు నీటి వంకే ఆత్రంగా చూస్తున్నాయి. ఆ కళ్లలోకి కూడా బూడిదరంగు పాకుతోంది. ఆలోచించడానికి ఒక కర్పూరం బిళ్ల కాలేంత వేళ కూడా లేదు.

ఓబన్న కొబ్బరిచిప్పను రెండు చేతులా పట్టుకుని, తల వంచి, యువరాజుకు అందించాడు. కేయూరవర్మ మండుతున్న చేత్తోనే దాన్ని అందుకున్నాడు. చిప్ప అంచుదాకా నిండి ఉంది. అతను నీళ్లను చూడలేదు. ఇచ్చినవాడి పెదవులను చూశాడు. అవి పొడిగా ఉన్నాయి.

మరిచిపోయాడేమో. తొందరలో ఉన్నాడేమో. నిజంగా ఓబన్నేనేమో.

యువరాజు కత్తి మీద చెయ్యి వెయ్యలేదు. చిప్పను రెండు చేతులా పట్టుకుని, తల వంచి, తిరిగి అతని ముందుకు చాపాడు.

"అన్నా, ముందుగుక్క నువ్వు తాగు."